మేడలు, మెట్లు

పఠించవలసిన భాగములు: యిర్మీయా 22:13–19, 36:20–26, 1 రాజులు 5:13–18, 7:1–12



వేసవి సెలవులలో మన ఆదివారపు బడి పెద్దపిల్లలు ఇద్దరు ఉపాధ్యాయులతో కలిసి హైదరాబాదు పోయివచ్చిరి. చార్మినారు ఎక్కిరి, సాలార్‌జంగు మ్యూజియములో గంట కొట్టు గడియారపు బొమ్మను చూచిరి, పొద్దు గూకుచుండగా గుట్టమీద దీపములతో వెలుగుచున్న ఫలక్‌నుమా మేడను దూరమునుండి చూచిరి. లోపలికి పోవుటకు అగు ఖర్చు విని ఉపాధ్యాయులు వెనుకకు మరలిరట. తరువాతి ఆదివారము మేము దావీదు గొల్యాతుల పాఠము చెప్పుచుంటిమి గాని ఒక్క పిల్లవాని మనస్సును మాదగ్గర లేదు. అందరును ఆ గుట్టమీదనే యుండిరి. తుదకు పదమూడేండ్ల బాలుడొకడు లేచి, "అయ్యగారూ, గంత పెద్ద మేడ కట్టిపిచ్చినాయన మంచోడా, చెడ్డోడా?" అని అడిగెను.

మిషను సెమినరీలో ఇన్నేండ్లు చదివిన మాకు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు దొరకలేదు. మంచివాడందుమా, గొప్ప ఇల్లు కట్టినవాడెల్ల మంచివాడని పిల్లలు నేర్చుకొందురు. చెడ్డవాడందుమా, ఇల్లు కట్టుటయే తప్పనుకొందురు. ఆ పిల్లల తండ్రులలో సగముమంది తాపీ పట్టి బ్రదుకువారే. "వచ్చే నెల పత్రికలో చెప్పెదము" అని ఆ పూటకు తప్పించుకొంటిమి. కాబట్టి ఈ నెల పాఠము ఆ బాలునికి మేము పడిన బాకీ. దీనిని వ్రాయుటకు మరియొక కారణముకూడ కలదు. మన క్రొత్త గుడి పటము ఇప్పుడు కమిటీ బల్లమీద నున్నది. ఆ మాట చివరకు వచ్చెదము.

మన మర్రిగూడకు ఉత్తరమున రాచకొండ గుట్టలు, దక్షిణమున దేవరకొండ. రెండును పూర్వము రేచర్ల పద్మనాయక రాజుల కోటలు. ఇప్పుడు ఆ కోటగోడల నీడను గొర్లు పండుకొనుచున్నవి. రాజుల ఇండ్లు ఏమగునో తెలిసికొనుటకు మనము హైదరాబాదు పోనక్కరలేదు. అయినను పిల్లలు అడిగినది ఫలక్‌నుమానుగూర్చి గనుక దానితోనే మొదలుపెట్టెదము.

ఆకాశమువంటిది, ఆకాశమునకు అద్దము అని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. దానిని కట్టించినది నిజాము కాడు. పైగా వంశమునకు చెందిన వికార్-ఉల్-ఉమ్రా అను నవాబు. ఆయన నిజామునకు దగ్గరి చుట్టము, తరువాత కొన్నియేండ్లు రాజ్యమునకు ప్రధానమంత్రి. 1884వ సంవత్సరము మార్చి 3వ తేదీన పని ప్రారంభమాయెను. కట్టి, లోపల సామగ్రి అంతయు అమర్చుటకు తొమ్మిదేండ్లు పట్టెను. తేలు ఆకారములో, రెండు కొండ్లు చాచినట్లుగా మేడను వేసిరి. ఇటలీ దేశపు చలువరాయి తెప్పించిరి. ఒక్క బల్లచుట్టు 101 మంది కూర్చుండి భోజనము చేయదగిన శాల యున్నది. ఇంగ్లండు రాజుల విండ్సరు కోటలోని గ్రంథాలయమును చూచి అట్టిదే ఇక్కడ చేయించిరి. ఆనాటి లెక్కలో 40 లక్షల రూపాయలైనవని చెప్పుదురు. ఆ దినములలో 40 లక్షలనగా ఎంతయో మీరే ఊహించుకొనుడి.

అంత గొప్ప ధనవంతుడైన నవాబునకును ఆ ఖర్చు మోయరానిదాయెను. అప్పులు చేసెను. మేడ పూర్తియైన నాలుగైదేండ్లకే, 1897 ప్రాంతమున, అది ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయెను. దీనినిగూర్చి హైదరాబాదులో ఒక కథ చెప్పుకొందురు. నిజామును విందునకు పిలిచిరట. ఒక దినము ఉండవలసిన చుట్టము వారము ఉండెను, వారము పోయి నెల ఆయెను. ప్రభువు మనస్సు గ్రహించి నవాబు మేడను నజరుగా సమర్పించెనట, నిజాము దానికి తగిన వెల ఇచ్చెనట. అప్పులవాడు ఇంటిని వదలించుకొనుటకు ఇంతకంటె మర్యాదగల దారి ఉండదని నవ్వువారును కలరు. కథ ఎట్లున్నను, ఆకాశమంత ఇల్లు కట్టినవాడు దానిలో నిలువలేకపోయెను.

ఇక ఆ మేడను పుచ్చుకొన్న మహబూబ్ అలీ పాషాను మన తాతలు ఎరుగుదురు. రెండున్నర యేండ్ల పసివాడై యుండగా 1869లో గద్దె ఎక్కించిరి. పాలమూరునకు మహబూబునగరమని పేరు వచ్చినది ఆయన పేరనే. పాము కరచినప్పుడు ఆయన పేరు చెప్పి ఆన పెట్టినచో విషము దిగునని ఈ ప్రాంతములో కులమతభేదము లేక నమ్మెడివారు. వేసిన బట్ట మరల వేయడని ఆయనకు పేరు. పాతనగరములోని పురానీ హవేలీలో ఆయన దుస్తులకొరకు కట్టిన రెండు అంతస్తుల కొయ్య బీరువాలు ఒక వసారా పొడవునను నేటికిని నిలిచియున్నవి. ఒక దినము వేసి విడిచిన అంగీలకు ఒక వీధియంత ఇల్లు! మన ఇండ్లలో దండెముమీద వ్రేలాడు బట్టలు లెక్కించుకొనుచు ఈ సంగతి చదివినయెడల ఎవరికైనను నవ్వు వచ్చును, పిమ్మట కొంత బాధయు కలుగును.

అయితే ఈ రాజునుగూర్చి ఇంకొక మాట చెప్పకపోవుట అన్యాయము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. సుమారు 15,000 మంది చనిపోయిరని లెక్క. ఇండ్లు పోయిన పేదలు వేలకొలది వీధినపడిరి. అప్పుడు ఈ వింతరాజు తన దేవిడీల తలుపులు తెరిపించి వారిని లోపలికి రానిచ్చెను. అన్నము పెట్టించెను. బురద కాళ్లతో వచ్చిన బీదలు రాజు గచ్చులమీద పండుకొనిరి. పాము కరచినప్పుడు ఆయన పేరు తలచుకొనినవారిని మేము మెచ్చుకొనుట లేదు గాని, జనులు ఆయనను ఎందుకు మరువలేదో మాకు అర్థమగుచున్నది. బీరువాలను చూచి ఎవరును ప్రేమించలేదు. తలుపులు తెరచుటను చూచి ప్రేమించిరి. 1911 ఆగస్టు 29వ తేదీన ఆయన ఫలక్‌నుమాలోనే చనిపోయెను.

ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ వింత మరియొక విధము. 1937లో అమెరికా పత్రికయైన టైమ్ ఆయన బొమ్మను అట్టమీద వేసి లోకములోకెల్ల ధనవంతుడని వ్రాసెను. తండ్రి దాచిన పెద్ద వజ్రము, సుమారు 185 క్యారెట్లది, ఆయన బల్లమీద కాగితములు ఎగిరిపోకుండ బరువుగా ఉండెడిది. ఇన్ని మేడలుండగా ఆయన మాసిన టోపీతో కింగ్‌కోఠీలోనే కాలము గడిపెను. ఫలక్‌నుమాను చుట్టములకు విడిదిగా వాడిరి. 1951లో రాజేంద్రప్రసాదుగారు బస చేసిన తరువాత దానికి తాళము పడెను. ఆ తాళము ఎన్నో దశాబ్దములు ఊడలేదు. తుదకు బాగుచేయించి 2010 నవంబరులో హోటలుగా తెరచిరి. మన పిల్లలు చూచిన దీపములు ఆ హోటలువి.

ఇట్టి వింతలు మన నిజాముల వంశమునకే చెల్లినవనుకొనవద్దు. ఫలక్‌నుమాకు పునాది వేయుచున్న దినములలోనే జర్మనీ దేశమందలి బవేరియాలో రెండవ లూడ్విగ్ అను రాజుండెను. పిల్లలు టీవీలో, నోటుపుస్తకముల అట్టలమీద చూచు తెల్లని కోట, కొండకొమ్మున సన్నని గోపురములతో కలలోనిదానివలె కనబడునది, అది ఆయన కట్టించినదే. దానిపేరు నొయిష్వాన్‌స్టైన్. ఆయన 18 ఏండ్లకే 1864లో రాజాయెను. రెండేండ్లకే యుద్ధములో ఓడిపోయి తన రాజ్యము ఇంకొకరి మాటకు లోబడవలసివచ్చెను. చేతిలో అధికారము లేని రాజు కొండలలోనికి పోయి, పూర్వకాలపు రాజుల కథలలోని కోటలను రాతితో కట్టుట మొదలుపెట్టెను. 1869లో ఆ కోటకు పునాది పడెను. ఇంకను పూర్తికాకముందే లిండర్‌హోఫ్ అను మేడ, పిమ్మట 1878లో సరస్సు నడుమ దీవిలో మరియొకటి.

పగలు నిద్రించి రాత్రి మేలుకొనుట ఆయన అలవాటు. మంచులో దీపముల బండి కట్టించుకొని ఒంటరిగా తిరిగెడివాడు. లిండర్‌హోఫ్‌లో ఆయన భోజనపు బల్ల నేలలోనుండి క్రిందనున్న వంటశాలలోనికి దిగును. అక్కడ వడ్డించి మరల పైకి పంపుదురు. వడ్డించువాని ముఖము రాజు చూడకుండుటకే ఈ ఏర్పాటు. ఫలక్‌నుమాలో 101 మందికి బల్ల. అక్కడ ఒక్కనికే బల్ల. మాకు ఈ రెండవదియే ఎక్కువ భయము పుట్టించుచున్నది.

కాని ఇక్కడ ఒక మంచి సంగతికూడ దొరికినది. నొయిష్వాన్‌స్టైన్ కట్టుచున్న తాపీవారు, వడ్రంగులు, కూలీలు 1870లో ఒక సహాయసంఘము పెట్టుకొనిరి. నెలకు కొంచెము చందా కట్టినచో, జబ్బుపడినను దెబ్బ తగిలినను వారికి కూలి అందును. పనిలో చనిపోయినవాని కుటుంబమునకు చిన్న పింఛను దొరకును. రాజు ఆ సంఘమునకు తన సొమ్ము కలిపెను. నూటయేబది యేండ్ల క్రిందటి మాట ఇది. వడ్డించువాని ముఖము చూడలేని రాజు, రాయి మోయువాని ఇల్లాలిని తలచుకొనెను. మనుష్యులను మంచి చెడ్డ అని రెండు గంపలలో వేయుట ఎంత కష్టమో చూచితిరా?

ఆయన కథ ముగింపు విచారకరము. 1886 నాటికి అప్పులు 140 లక్షల మార్కులకు చేరెను. మంత్రులు ఆయనకు మతి చెడినదని వైద్యులచేత వ్రాయించి గద్దె దింపిరి. జూన్ 12వ తేదీన ఆ కోటనుండియే తీసికొనిపోయిరి. 13వ తేదీ సాయంకాలమున ఆయనయు, ఆయనను చూచుకొను వైద్యుడును సరస్సులో శవములై తేలిరి. ఎట్లు జరిగినదో నేటివరకు తేలలేదు. ఆ కోటలో ఆయన సింహాసనపు గదిని ఒక గుడివలె కట్టించెను, గోడలమీద పరిశుద్ధులైన రాజుల చిత్రములు వ్రాయించెను. అందులో సింహాసనము మాత్రము ఎన్నడును పెట్టలేదు; అది రాకముందే రాజు పోయెను. ఒంటరిగా నుండుటకు కట్టుకొనిన కోటను ఆగస్టు 1వ తేదీననే, అనగా ఏడు వారములకే, టిక్కెట్టు పెట్టి ప్రజలకు తెరచిరి. నేడు ఏటేట పది లక్షలకు మించిన జనము దానిని చూచిపోవుచున్నారు.

ఇప్పుడు వేదములోనికి వచ్చెదము. మేడలు కట్టిన రాజులు అందులో తక్కువవారు కారు. సొలొమోను దేవుని మందిరమును ఏడేండ్లలో కట్టి, తన నగరును పదుమూడేండ్లు కట్టించెనని ఒకదాని వెంట ఒకటిగా వ్రాయబడినది. వ్రాసినవాడు ఏమియు వ్యాఖ్యానించలేదు. లెక్క మాత్రము ప్రక్కప్రక్కన పెట్టి ఊరకుండెను. కాని ఆ పనికి మనుష్యులు ఎక్కడనుండి వచ్చిరి? 5వ అధ్యాయములో ముప్పది వేలమందిని పట్టి, నెలకు పదివేలచొప్పున లెబానోనునకు పంపిరని చదువుదుము. మన తెలుగు బైబిలులో దానికి వాడిన మాట వెట్టి. తర్జుమా చేసినవారు ఈ దేశమును బాగుగా ఎరిగియే ఆ మాటను ఎంచుకొనిరని మాకు తోచును. ఆ వెట్టియే సొలొమోను కుమారుని కాలములో రాజ్యమును రెండుగా చీల్చెను.

వెట్టి అనగా ఏమో నల్లగొండ జిల్లాలో ఎవరికిని అర్థము చెప్పనక్కరలేదు. నిజాము కాలమున ఊరూర దొరల గడీలు లేచెను. ఎత్తైన ప్రహరీలు, ఏనుగు దూరునంత దర్వాజాలు. వాటికి రాయి మోసినదెవరు, సున్నము గానుగ తిప్పినదెవరు, బండ్లు తోలినదెవరు? కబురు మోయుట, చెప్పులు కుట్టి ఇచ్చుట, కట్టెలు కొట్టుట, అన్నియు ఊరక చేయవలసినవే. పిలిచినప్పుడు పోకున్నచో కొట్టుదురు, పోయినచో కూలి లేదు. విసునూరు దొర గడీపై జనము తిరుగబడిన 1946 నాటికి ఆ గ్రామము మన నల్లగొండ జిల్లాలోనిదే. ఇప్పుడు ఎన్నో గడీలకు పైకప్పు లేదు. దర్వాజాలోనుండి మేకలు పోవుచుండును. వెట్టి చట్టప్రకారము 1976లో దేశమంతట రద్దాయెను. మన సంఘములలో ఇంకను బ్రదికియున్న ముసలివారికి, తమ తండ్రి భుజముమీది కాయ ఎట్లుండెనో జ్ఞాపకమున్నది.

ఇంతవరకు చెప్పినదానిని మనస్సున ఉంచుకొని యిర్మీయా 22వ అధ్యాయము చదువుడి. అక్కడ ప్రవక్త యెహోయాకీము రాజుతో మాటలాడుచున్నాడు. ఈయన నీతిమంతుడైన యోషీయా కుమారుడు. ఐగుప్తు రాజు ఈయనను గద్దె ఎక్కించి, దేశముమీద నూరు తలాంతుల వెండి, ఒక తలాంతు బంగారము పన్ను వేసెనని 2 రాజులు 23వ అధ్యాయములో నున్నది. ఆ పన్ను ప్రజలనుండి ఇంటింట పిండి వసూలు చేసిరి. జనము అట్లు చితికిపోయిన దినములలో ఈ రాజు విశాలమైన మేడ, గాలివచ్చు పై గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎఱ్ఱని రంగు కోరుకొనెను. యెరూషలేమునకు దక్షిణమున రామత్ రాహేలు అనుచోట త్రవ్వగా, చెక్కిన రాతి కమ్ములతో అందమైన కిటికీ ముక్కలు బయటపడెను. త్రవ్విన పండితుడు అది యెహోయాకీము మేడయే కావచ్చునని తలచెను. తరువాతివారు అందరును ఒప్పుకొనలేదు గాని, ఆ కాలపు రాజులు కిటికీలమీద ఎంత మక్కువ పడిరో ఆ రాళ్లు చెప్పుచున్నవి.

ప్రవక్త కోపించినది దేనికో శ్రద్ధగా చూడుడి. దేవదారునకు కాదు, ఎఱ్ఱరంగునకు కాదు. పొరుగువానిచేత పని చేయించుకొని కూలి ఇయ్యలేదు. అది మొదటి మాట. పొరుగువాడు అను మాటను గమనించుడి. రాజునకు కూలివాడు పొరుగువాడెట్లగును? ప్రవక్త దృష్టిలో అగును. వెంటనే రాజు తండ్రియైన యోషీయాను ఎత్తుచున్నాడు. యోషీయా ఆకలితో మాడలేదు, గుడిసెలో పండుకొనలేదు. ఆయనయు తినెను, త్రాగెను, సుఖముగానే ఉండెను. అయినను బీదవాని వ్యాజ్యెము విచారించి న్యాయము తీర్చెను. కాబట్టి మంచి ఇంటిలో ఉండుట పాపమని యిర్మీయా చెప్పలేదు. మేడ ఎక్కువ ఎత్తు కట్టినంతమాత్రమున ఎక్కువ రాజువు అగుదువా అని మాత్రము అడుగుచున్నాడు. 36వ అధ్యాయములో అదే రాజు చలికాలపు నగరులో కుంపటి ముందర కూర్చుండి, ప్రవక్త మాటలు వ్రాసిన చుట్టను చాకుతో కోసి ముక్క ముక్కగా నిప్పులో వేసెను. అంత వెచ్చని గది అది.

ఇక మా సంగతి చెప్పెదము. ఇతరుల మేడలనుగూర్చి వ్రాయుట సులభము గనుక దీనిని దాచుట మాకు తగదు.

రెండేండ్ల క్రిందట మన గుడి ప్రహరీగోడ కట్టించితిమి. పాలమూరు వైపునుండి వచ్చిన మేస్త్రీ ఒకడు, భార్యయు, తమ్ముడును కలిసి పని చేసిరి. గోడ చక్కగా వచ్చెను. ఆరువేల రూపాయలు బాకీ నిలిచెను. కానుకలు తగ్గినవి, పత్తికి ధర రాలేదు, కమిటీ కూడలేదు, కారణములన్నియు నిజమైనవే. మేస్త్రీ మూడుమార్లు వచ్చెను. మొదటిమారు "పంట రానీ" అంటిమి. రెండవమారు "కోత పండుగ కానీ" అంటిమి. మూడవమారు చిన్నకూతురును వెంటబెట్టుకొని వచ్చి మా అరుగుమీద పొద్దున్నుండి మధ్యాహ్నమువరకు కూర్చుండెను. మా ఇంటివారు చాయ ఇచ్చిరి. మేము ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపితిమి. ప్రార్థన చేసి పంపితిమి! డబ్బు ఇయ్యలేదు.

ఆ వారము ఉపదేశమునకు మేము తీసికొనిన భాగము యిర్మీయా 22. పదమూడవ వచనము బల్లమీద తెరచిపెట్టుకొని, దానిని సంఘము ఎదుట ఎట్లు చదువుదుమా అని శనివారము రాత్రి దీపము ముందర కూర్చుంటిమి. చదువలేమని తెలిసెను. ఏడు నెలలు. ప్రొద్దు గూకకముందే కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండములో నున్న మాట మేము ఎన్నిమార్లు ఉపదేశించియుందుము! సోమవారము ఉదయము మా జీతములోనుండి కొంత, ఇద్దరు పెద్దలయొద్ద చేబదులు కొంత పోగుచేసి, బస్సెక్కి ఆ మేస్త్రీ ఊరికి పోయి చెల్లించితిమి. ఆయన లెక్కపెట్టుకొని, "దేవుని గోడ గద అయ్యగారూ, ఎట్లనన్న ఇస్తరని తెలుసు" అనెను. తిట్టినను బాగుండెడిది. గడీ కట్టినవారికిని మాకును నడుమ ఎంత దూరముండెనో ఆ దినము బస్సులో తిరిగివచ్చుచు లెక్కవేసికొంటిమి. ఏడు నెలల దూరము.

ఇప్పుడు క్రొత్త గుడి పటమునుగూర్చి. మన యువకులు చక్కని పటము గీయించిరి. ఏడడుగుల ఎత్తు అరుగు, దానికి 14 మెట్లు, పైన గంట గోపురము. "రోడ్డుమీద పోయే బస్సుల్నుంచి కనబడాలె" అనుచున్నారు. ఈ కోరికను ఎగతాళి చేయువారము కాము. వీరి తాతలు తాటాకు పాకలో, ఊరి బయట, వాన కురిసినప్పుడు తడియుచు ఆరాధించిరి. తలయెత్తి నిలువవలెనను ఆశ వారికి ఊరక రాలేదు. మెదకు గుడి మాటకూడ ఎత్తుచున్నారు. ఆ గోపురము 175 అడుగులు నిజమే. కాని పోస్నెట్టుదొరగారు దానిని కట్టించిన కాలము కరవు కాలము. తిండి లేక వచ్చినవారికి పని ఇచ్చి, పనికి అన్నము పెట్టి, పదేండ్లపాటు ఆ గుడిని లేపిరి. 1924 క్రిస్మసు దినమున అది ప్రతిష్ఠింపబడెను. ఆ గోపురము చూచినప్పుడు మన ముసలివారు దాని ఎత్తును చెప్పరు. అక్కడ తమవారు తిన్న గంజిని చెప్పుదురు.

మెదకునకు లేనిది మన మర్రిగూడకు ఒకటున్నది. మన నేలక్రింది నీటిలోని ఫ్లోరైడు. ఎన్నో యేండ్లు ఆ నీరు త్రాగి మనవారిలో అనేకుల మోకాళ్లు వంగిపోయినవి, వెన్ను బిగిసిపోయినది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలలో కృష్ణ నీరు వచ్చుచున్నది. చిన్నపిల్లలకు ఆ బాధ తప్పునని ఆశించుచున్నాము. కాని వంగిన ఎముక తిరిగి చక్కబడదు. ముందు వరుసలో కూర్చుండు అవ్వను మీరందరు ఎరుగుదురు. ఇంటినుండి గుడికి రెండు వందల గజములు వచ్చుటకు ఆమెకు అరగంట పట్టును. పటము గోడకు అంటించిన దినమున ఆమె దానియెదుట చాలసేపు నిలిచి, మెట్లను వ్రేలితో లెక్కపెట్టి, మాతో ఇట్లనెను: "మేడ మంచిగనే ఉంది అయ్యగారూ. మీరు పైన ప్రార్థన చేయుండ్రి. మేము కింద చెట్టుకాడ కూసోని ఇంటం తియ్యి."

మేము అను మాట ఆమె నోట విన్నప్పుడు, అట్టివారెందరో ఇంటింటికి పోయి లెక్కించితిమి. మన సంఘములో మెట్లు ఎక్కలేనివారు పందొమ్మిదిమంది. అందులో ఆరుగురికి ఇంకను అరువది యేండ్లు నిండలేదు.

ఆ బాలుని ప్రశ్నకు మా జవాబు ఇది: మేడ కట్టించినాయన మంచివాడా అని మేడను చూచి చెప్పలేము నాయనా. రాయి మోసినవానికి ఆ పూట కూలి దొరికెనా అని అడుగుము. నీళ్లు ముంచినప్పుడు దర్వాజా తెరచెనా అని అడుగుము. వికార్-ఉల్-ఉమ్రాను, మహబూబ్ పాషాను, లూడ్విగును, సొలొమోనును ఒక్కొక్కరిని పిలిచి ఈ రెండు ప్రశ్నలు వేసినచో ఒక్కొక్కరు ఒక్కొక్కచోట తప్పుదురు. మీ పాస్టరు మొదటి ప్రశ్నకే తప్పెను.

మేస్త్రీని పిలిచి అడిగితిమి. ఏడడుగుల ఎత్తునకు మెట్లకు బదులు వాలుదారి వేయవలెనన్నచో, చేతికఱ్ఱవారు ఎక్కునట్లు అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవు కావలెను. అనగా 84 అడుగులు. మన స్థలము చాలదు. అరుగును రెండడుగులకు తగ్గించినయెడల 24 అడుగుల వాలు సరిపోవును, వాననీరు లోపలికి రాదు. పునాదిలో మిగిలిన సొమ్ముతో గోపురము కట్టవచ్చునా, లేక ముందుగా కూలికని వేరే పెట్టెలో పెట్టి తాళము వేయవలెనా అను విషయమై కమిటీలో రెండు పక్షములున్నవి. యువకుల పటమును పూర్తిగా విడిచిపెట్టుట వారికి కష్టముగానే యున్నది, అది మాకు తెలియును.

సంఘకూటము వచ్చే నెల రెండవ ఆదివారమున ఆరాధన తరువాత జరుగును. ప్రతిసారివలె బడి మేడమీది గదిలో గాక గుడిముందరి వేపచెట్టు క్రింద కూడుదుము. 14 మెట్లను, 24 అడుగుల వాలును మేస్త్రీ నేలమీద సుద్దతో గీసి చూపును. కొలబద్ద పట్టుటకు ఆ బాలుడు ఒప్పుకొనెను. అవ్వను మంచముమీద మోసికొనివచ్చెదమని యువకులనగా ఆమె వద్దనెను, నడిచియే వచ్చునట. గనుక కూటము అరగంట ఆలస్యముగా మొదలగును.